రీసైకిల్ బండి రాని వారం

నోట్లో గొట్టం వేశాక మా వియ్యంకుడు రామమోహనరావు గారు నా మాటకి ఒక్కసారి కూడా అడ్డు తగల్లేదు. మా పిల్లల పెళ్ళయ్యాక అలా జరగడం అదే మొదలు. మొదటి రోజు కాస్త సరదాగానే అనిపించింది, అబద్ధమెందుకు. తర్వాత తర్వాత, ఎదురు మాట లేని మనిషి ముందు మాట్లాడటమంటే గోడకి బంతి కొడితే అది తిరిగి రాకపోవడమే అని తెలిసింది.

మేమిద్దరం అమెరికాలో, మోరిస్‌విల్‌ అనే ఊళ్ళో ఒకే ఇంట్లో ఉంటాం. ఇల్లు వాళ్ళబ్బాయి ఆశిష్‌ది, అంటే మా అల్లుడిది. మా అమ్మాయి నళిని ఆ ఇంటి యజమానురాలు. ఆడపిల్ల ఇంట్లో తండ్రి మంచినీళ్ళు కూడా ముట్టకూడదని మా వైపు పెద్దలు అనేవారు. నేను దిగిన రోజునే బావగారు దాన్ని పట్టుకున్నారు.

"ఏం బావగారూ, ఈ ఇంట్లో నీళ్ళు కూడా తాగకూడదు కదా మీరు?"

"అందుకేగా కాఫీ అడిగాను" అన్నాను.

అలా మొదలైంది. వియ్యంకుల మధ్య ఎకసెక్కాలు ఉండాలి, లేకపోతే ఆ చుట్టరికంలో రుచి ఉండదు. ఆయన చిన్న వయసులోనే డాక్టరుగా ఈ దేశం వచ్చి, ఆపరేషన్లకి మత్తు ఇచ్చి పెద్దవాడైన మనిషి. నేను అద్దంకి పక్కన ఒక పల్లెలో అయిదో తరగతి వెలగబెట్టినవాణ్ణి. మా పంతులుగారు పాఠం చెప్పింది తక్కువ, ఆయన బర్రెకి నాచేత గడ్డి కోయించింది ఎక్కువ. "మీ చదువు మేతకొచ్చింది" అనేవారు బావగారు. "మీ చదువు జనాన్ని నిద్రపుచ్చింది" అనేవాణ్ణి నేను.

ఈ చలికాలంలో ఆయనకి ఫ్లూ వచ్చింది. దగ్గు రొమ్ములోకి దిగి న్యుమోనియా అయింది. ఆసుపత్రికి తీసుకెళ్ళిన రాత్రే ఊపిరి అందక గొట్టం వేసి మిషన్‌కి తగిలించారు. రెండు వారాలు కావస్తోంది. న్యుమోనియా తగ్గుముఖం పట్టిందన్నారు. ఇక మిగిలింది గొట్టం తీయడం. అక్కడే వచ్చి పడింది చిక్కు.

ఆ చిక్కు గురించి బావగారే ఒకసారి ఇంటి వెనక చెక్క వసారాలో, అదే డెక్ మీద కూర్చుని నాకు చెప్పారు.

"గొట్టం వెయ్యడం చేతిపని బావగారూ. నేర్పితే మీరూ వేస్తారు. తియ్యడం అట్లా కాదు. తొందరపడి తీస్తే మళ్ళీ వెయ్యాలి. రెండోసారి వేయించుకున్నవాడు సగం మనిషి. ఆలస్యం చేశామా, ఆ గొట్టమే కొత్త జబ్బు తెస్తుంది."

"మరి ఎప్పుడు తియ్యాలో ఎట్లా తెలుస్తుంది?"

"లెక్కలున్నాయి. లెక్కలన్నీ చూసుకున్నాక మంచం కాళ్ళ దగ్గర నిలబడి వాడి కళ్ళలోకి చూసేవాణ్ణి. అయినా అప్పుడప్పుడూ తప్పేది."

ఆ రోజే ఆశిష్‌ని పిలిచి ఇంకో మాట కూడా చెప్పారు. "నాకే ఆ గతి పడితే మెడకి చిల్లు పెట్టించొద్దురా. గొట్టం తీసి నిలబడితే నిలబడతాను, లేకపోతే పోనివ్వు." ఆశిష్ "నాన్నా, ప్లీజ్" అని లోపలికి వెళ్ళిపోయాడు. ఇప్పుడు ఆ మాట వాడి గొంతులో అడ్డం పడి ఉంది. గొట్టంతో రెండు వారాలు దాటితే ఇక మెడకి రంధ్రం చేసి అక్కడినుంచి ఊపిరి ఇవ్వాలట. శుక్రవారం నాడు కుటుంబాన్ని కూర్చోబెట్టి తేలుస్తామన్నారు. చిల్లు వద్దంటే మిగిలిన దారి ఏమిటో ఎవరూ పైకి అనలేదు.

ఆసుపత్రిలో ఆయన్ని చూసే డాక్టరు రేష్మ. జెర్సీ సిటీలో పుట్టి పెరిగింది, తల్లిదండ్రులది విజయవాడ. తెలుగు అర్థమవుతుంది, మాట్లాడితే మాత్రం చివర్లు తెగిపోతాయి. మొదటి వారంలోనే నన్ను పిలిచి చెప్పింది.

"తాతగారు, మీరు రోజు మార్నింగ్ రండి. ఆయన మత్తులోంచి లేస్తే భయం పడతారు. తెలిసిన వాయిస్ ఉంటే కామ్‌గా ఉంటారు. ఏదైనా మాట్లాడండి."

ఏదైనా మాట్లాడమని నాతో అనడం, చెరువుకి గండి కొట్టి నీళ్ళని నెమ్మదిగా రమ్మనడం లాంటిది. పిల్లలిద్దరికీ ఉద్యోగాలు. నళిని పొద్దున్నే నన్ను దింపి ఆఫీస్‌కి వెళ్ళేది. చేతులకి ఆ చల్లటి జెల్లు పూసుకుని, అదే నడవలో అదే బొమ్మల ముందునుంచి నడిచి, ఆయన మంచం పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూలబడేవాణ్ణి. ఆ కుర్చీ నా నడుముని ఎప్పటికీ క్షమించదు.

రోజూ పొద్దున పరీక్ష. మత్తు మందు తగ్గిస్తారు. మిషన్ గాలిని లోపలికి తోసే తోపు కూడా తగ్గిస్తారు. సైకిల్ నేర్పేవాడు సీటు పట్టుకున్నట్టే ఉండి చెయ్యి వదిలేస్తాడే, అట్లా. అరగంటసేపు ఆయన సొంతంగా ఊపిరి తీయాలి. ఊపిరి నిదానంగా, నిండుగా ఉంటే నెగ్గినట్టు. ఎండలో కుక్క వగర్చినట్టు చిన్నచిన్నగా, గబగబా ఉంటే ఓడినట్టు. ఇవన్నీ కలిపి కంప్యూటర్ ఒక అంకె చెబుతుంది. ఇలాంటి వందమందికి గొట్టం తీస్తే, రెండు రోజులపాటు మళ్ళీ వేయకుండా నిలిచేవాళ్ళు ఎందరు అని. డెబ్భై దాటితే డాక్టరమ్మకి ధైర్యం. మాకు ముప్ఫై దగ్గరే తచ్చాడుతోంది.

"ఇవాళ చిలక ఏం కార్డు తీసిందమ్మా?" అని అడిగేవాణ్ణి.

"థర్టీ వన్, తాతగారు."

"రెక్కలు కత్తిరించిన చిలక. పైకి ఎగరదు."

రేష్మ నవ్వేది, కానీ నిద్ర లేని కళ్ళతో నవ్వేది. "అది జస్ట్ సలహా. డిసైడ్ చేసేది నేనే. అదే ప్రాబ్లం."

ఆ అరగంటా నేను చెవి దగ్గర వంగి కథలు చెబుతూనే ఉండేవాణ్ణి. ఆ వేళకి రేష్మ ఉండదు, గదిలో మిగతావాళ్ళలో ఒక్కరికీ తెలుగు రాదు. మిషన్ చూసే చెట్టంత మనిషి ఒకడు, ప్రార్థన చేస్తున్నాననుకుని నా వైపు చూసినప్పుడల్లా తల వంచి నమస్కారం పెట్టేవాడు. నేనూ దీవించేవాణ్ణి. పరీక్ష మొదట్లో బాగానే ఉండేది. నాలుగు నిమిషాలు పోయేసరికి బావగారి ఊపిరి పరుగందుకునేది, మిషన్ గోల పెట్టేది, ఆయన కళ్ళ కొసల్లోంచి నీళ్ళు కారేవి. ఎంత బాధపడుతున్నాడో అని నేను ఇంకో కథ ఎత్తుకునేవాణ్ణి.

మంగళవారం నుంచి వారమంతా సెలవు పెట్టి నళిని నాతో వచ్చింది. మంచానికి అవతల నిలబడింది. నేను మా కోటయ్య కథ మొదలుపెట్టాను. బావగారికి అది ప్రాణం. ఎన్నిసార్లు చెప్పినా మధ్యలో పట్టుకుని లాయరులాగా ప్రశ్నలు వేస్తారు.

"మా ఊళ్ళో బావిలో ఏం పడినా కోటయ్యే దిగి తీసేవాడు బావగారూ. ఒకనాడు కరణంగారి ఇత్తడి బిందె పడింది. పొద్దున దిగినవాడు మధ్యాహ్నానికీ తేలలేదు. పెళ్ళాం గట్టు మీద కూచుని ఏడ్చి, ఆకలేసి ఇంటికెళ్ళి అన్నం తిని వచ్చి, మళ్ళీ ఏడ్చింది. పొద్దుగూకే వేళకి తేలాడు. చేతిలో బిందె. బిందె నిండా మజ్జిగ! ఏమిరా అంటే, అడుగున దారి తప్పి పక్కూరి బావిలో తేలాడట. అంత దూరం వచ్చావు పాపం అని వాళ్ళు మజ్జిగ పోసి పంపారట."

ఇక్కడ బావగారు ఎప్పుడూ అడిగేది ఒకటే. నీళ్ళలోంచి తెచ్చిన మజ్జిగ పలచబడలేదా అని. ఆయన అడగలేదు కాబట్టి ఆయన తరఫున నేనే అడిగి, నేనే చెప్పాను. "పైన చెయ్యి అడ్డం పెట్టానండీ అన్నాడు."

మిషన్ గోల మొదలెట్టింది. నళిని ఆయన మీదికి వంగి చూసింది. గొట్టం పీక్కోకుండా చేతులకి తొడిగిన లావాటి గ్లవ్‌లో ఆయన వేలు ఒకటి పైకీ కిందికీ ఆడుతోంది. డెక్ మీద నన్ను ఆపడానికి ఎత్తే వేలు అది.

"నాన్నా, ఆపు! మామయ్యగారు నవ్వుతున్నారు!"

"గొట్టం పెట్టుకుని ఎవరైనా నవ్వుతారుటే?"

"సౌండ్ ఎట్లా వస్తుంది నాన్నా, గొంతులో గొట్టం ఉంటే? భుజాలు చూడు. నీకు ఆన్సర్ చెప్పబోతున్నారు!"

చూశాను. భుజాలు ఎగురుతున్నాయి. కళ్ళలో నీళ్ళు. ఆ కన్నీళ్ళని ఇన్నాళ్ళూ నేను ఇంకోలా చదువుకున్నాను.

రేష్మ వస్తే నళిని అంతా చెప్పింది. ఆమె గోడకి ఆనుకుంది. "నవ్వు అయితే గుడ్. కానీ కంప్యూటర్‌కి నవ్వు తెలీదు. ఫాస్ట్ అంటే ఫాస్టే. నాకు కూడా తెలీదు, అంతా నవ్వేనా, లేకపోతే నిజంగా వీక్‌గా ఉన్నారా. రేపు మాట్లాడకండి తాతగారు, ప్లీజ్. జస్ట్ కూర్చోండి."

బుధవారం నోరు మూసుకున్నాను. పంతులుగారి బెత్తానికి కూడా మూతపడని నోరు. బావగారు కళ్ళు తెరిచారు. నన్ను చూశారు. మొదలుపెట్టమన్నట్టు చూస్తూ ఉన్నారు. నేను నవ్వు ముఖం పెట్టాను. ఆయన నళిని వైపు చూశారు, మళ్ళీ నా మూసిన నోటి వైపు చూశారు. ఆ చూపు మారిపోవడం నాకు తెలిసింది. రొమ్ము ఎగిసిపడటం మొదలైంది. ఈసారి భుజాల్లో నవ్వు లేదు. బీపీ పెరిగింది, నుదుటి మీద చెమట పట్టింది. ముందటి రోజుల్లో నిలిచినంతసేపు కూడా నిలవలేదు. చిలక ఇరవై ఆరు అంది.

నడవలోకి వచ్చాక గానీ నాకు బుర్ర వెలగలేదు. బతుకంతా ఆసుపత్రుల్లో గడిపినవాడు. రోగి పక్కన వాగుడుకాయ బంధువు నోరు కట్టేసుకున్నాడంటే డాక్టర్లు ఏం చెప్పి ఉంటారో ఆయనకి వేరే చెప్పాలా? నా నోరే ఆయనకి థర్మామీటరు. అది పడిపోయింది, అంతే.

సాయంత్రం వంటింట్లో ఎవరికీ ఆకలి లేదు. ఆశిష్ కౌంటర్ మీద మోచేతులు ఆనించి నిలబడ్డాడు.

"రేపు మీరు ఇంట్లో ఉండండి మామయ్యగారూ. రెస్ట్ తీసుకోండి."

"నాన్న కనపడకపోతే ఇంకా భయపడతారు ఆశిష్" అంది నళిని.

"మాట్లాడితే ఫెయిల్, మాట్లాడకపోతే ఫెయిల్. వాట్ డు వి డూ? ఎల్లుండి మీటింగ్. చిల్లు వద్దని ఆయన నాతోనే చెప్పారు. నోటితో అది నేనే చెప్పాలి వాళ్ళకి." పెద్ద ఉద్యోగం చేసే మనిషి, సింక్ వైపు తిరిగి కడిగిన గ్లాసునే మళ్ళీ కడిగాడు.

నేను చలికోటు వేసుకుని బయటికి వచ్చాను. రోడ్డు పక్కన మా రీసైకిల్ డబ్బా మూత తెరుచుకుని, పొట్ట నిండా అట్టపెట్టెలతో నిలబడి ఉంది. ఆ డబ్బాలు బావగారి రాజ్యం. ఏ వారం చెత్త, ఏ వారం రీసైకిల్ అన్నది ఆయనకి పంచాంగం. మేము తప్పు చెప్తే నిద్రలోంచి లేచి దిద్దుతారు. ఆయన లేకపోయినా ఈ వారం గుర్తుపెట్టుకుని బయట పెట్టాం. తీరా చూస్తే రోడ్ల మీద మంచు గడ్డకట్టి బండే రాలేదు. ఆ డబ్బాని చూస్తూ చలిలో చాలాసేపు నిలబడ్డాను. అబద్ధం చెబితే నవ్వుతాడు, ఊరుకుంటే భయపడతాడు. ఇక మిగిలింది ఒకటే. అది నాకు అలవాటు లేని పని.

గురువారం పొద్దున కుర్చీ లాక్కుని ఆయన చెవి దగ్గర కూర్చున్నాను. మిషన్ మనిషి తోపు తగ్గించి, నాకు తల వంచి నమస్కారం పెట్టాడు.

"బావగారూ, ఇంటి సంగతులు చెబుతాను" అన్నాను. "మీ గదిలో హీటరు తగ్గించాం. కిటికీ కర్టెన్ వేసే ఉంది. కరివేపాకు కుండీ లోపల పెట్టాం. ఆకులు రాలుస్తోంది."

రాల్చిన ఆకులతో అది ఏమేం చేసిందో నా నాలుక మీదికి వచ్చేసింది. మింగాను.

"అంతే. ఆకులు రాలుస్తోంది. నీళ్ళు పోస్తున్నాం. ఆశిష్ రాత్రి చపాతీ తిన్నాడు. రెండు. కూర మిగిలింది. నళిని కారుకి గాలి పెట్టించాలి. మీ నల్ల బూట్లు గుమ్మం దగ్గరే ఉన్నాయి, ఎవరూ కదపలేదు. డెక్ మీద మంచు పడింది. తుడవలేదు."

జీవితంలో అంత కష్టమైన పని నేను చేయలేదు. ప్రతి వాక్యానికీ ఒక తోక మొలవడానికి సిద్ధంగా ఉంది, ప్రతి తోకనీ కత్తిరించాలి. నా గొంతు నాకే ఎవరిదో అనిపించింది. ఆయన కళ్ళు తెరిచి పైకప్పు చూస్తున్నారు. విసుగ్గా ఉన్నారు. ఆ విసుగు చూస్తే నాకు కడుపు నిండింది. ఊపిరి వస్తోంది, పోతోంది. నళిని నా భుజం మీద చెయ్యి వేసి గట్టిగా పట్టుకుంది. చెప్పడానికి ఏమీ మిగలక చివరికి డబ్బా సంగతి ఎత్తాను.

"రీసైకిల్ డబ్బా బయట పెట్టాం. మంచు వల్ల బండి రాలేదు. డబ్బా ఇంకా అక్కడే ఉంది."

ఆయన నా వైపు తల తిప్పారు. కనుబొమలు ముడిపడ్డాయి. నేను మిషన్ వైపు చూశాను. కానీ ఊపిరి మాత్రం తన దారిన తాను నడిచింది.

అరగంట అయిపోయింది. చిలక యాభై ఎనిమిది అంది.

యాభై ఎనిమిది అంటే ఏమిటి? అటా ఇటా? రేష్మ ఆశిష్‌కి ఫోన్ చేస్తే ఆఫీసునుంచి పరిగెత్తుకొచ్చాడు. ఆమె అంతా విప్పి చెప్పింది. దగ్గు బలంగా ఉంది, రక్తంలో ఆక్సిజన్ బాగుంది, అంకె మాత్రం తను కోరుకున్నంత లేదు. "తీశాక ఫెయిల్ అయితే మళ్ళీ ట్యూబ్ పెట్టాలా వద్దా, ముందే మీరు చెప్పాలి" అంది.

ఆశిష్ తండ్రి మంచం వైపు తిరిగాడు. "ఆయన్నే అడగండి. హి యూజ్‌డ్ టు డూ దిస్."

రేష్మ మంచం కాళ్ళ దగ్గరికి వెళ్ళి నిలబడింది. ఆయన కళ్ళలోకి చూసింది. బావగారూ అట్లాగే నిలబడి చూసేవారన్న డెక్ మీది మాట ఆమెకి ఎవరూ చెప్పలేదు.

"డాక్టరుగారు, యాభై ఎనిమిది ఉంది. ట్యూబ్ తీసేద్దామా?"

బావగారు ఆమెని చూశారు. తరవాత కొడుకుని చూశారు. గ్లవ్ చెయ్యి పైకి లేపి, గొట్టం వైపు చూపించి, బయటికి అన్నట్టు విసిరారు.

"ఫెయిల్ అయితే మళ్ళీ పెట్టాలా?"

తల అడ్డంగా ఊపారు. ఒక్కసారే, నిదానంగా. ఆశిష్ వెళ్ళి ఆ లావాటి గ్లవ్‌ని రెండు చేతులతో పట్టుకున్నాడు. వాడు మోస్తున్న మాటని తండ్రి తిరిగి తీసుకున్నాడు.

మమ్మల్ని బయట నిలబెట్టి గొట్టం తీశారు. తలుపు ఇవతలికి దగ్గు వినిపించింది. పాత ట్రాక్టరు చలిలో స్టార్ట్ అవుతున్నట్టు, ఆగుతూ, మళ్ళీ అందుకుంటూ. అంత ఇంపైన చప్పుడు నేను వినలేదు. లోపలికి పిలిచేసరికి ముఖానికి మాస్కు, మంచం తల వైపు పైకి ఎత్తి ఉంది. రెండు రోజులు గడిస్తే గానీ గట్టెక్కినట్టు కాదని రేష్మ చెప్పింది. ఎవరూ మాట్లాడించొద్దని కూడా చెప్పింది, నా వైపు చూస్తూ.

నేను మాట్లాడలేదు. ఆయనే వేలు ఎత్తారు. దగ్గరికి వంగాను.

"బావగారూ" అన్నారు. గొంతు కాదు, గరుకు కాగితం. "బండి... రాలేదా?"

"రాలేదు."

"అబద్ధం." ఊపిరి తీసుకున్నారు. "నేనున్నన్నాళ్ళూ... ఒక్కవారం తప్పలేదు."

"మీమీద ఒట్టు బావగారూ."

"అబద్ధమైనా... అతికినట్టుండాలి."

కళ్ళు మూసుకున్నారు. నళిని ఏడుస్తూ ఫోన్‌లో డబ్బా ఫోటో వెతికి చూపించింది, పొద్దున బయలుదేరేటప్పుడు తీసింది. ఒక కన్ను తెరిచి చూశారు. "పాత ఫోటో" అన్నారు.

ఆ రెండు రోజులూ ఆ కుర్చీలోనే గడిచాయి. రెండో రాత్రి ఆయాసం వచ్చి, మాస్కు మార్చాల్సి వచ్చి, తెల్లవారేదాకా మేము ఊపిరి బిగబట్టుకునేలా చేశారు. తరవాత సర్దుకుంది. మా నాన్న కబుర్ల వల్లే నెగ్గారా అని నళిని రేష్మని అడిగితే, ఆమె నిజాయితీగా తెలీదంది. ఇంకో రోజు ఆగినా నెగ్గేవారేమో, ఒంటికి ఆ రోజుకి బలం వచ్చిందేమో. చిలకని కూడా తప్పు పట్టలేం. వందలో యాభై ఎనిమిది మంది నిలుస్తారంది, ఈయన ఆ యాభై ఎనిమిదిలో ఒకరు. మిగిలిన నలభై రెండు మంది ఏ గదుల్లో ఉన్నారో అని ఆ నడవలో నడుస్తున్నప్పుడల్లా అనిపిస్తుంది.

ఆదివారం సాయంత్రం ఇంటికి వచ్చాం. ముగ్గురమే, బావగారు ఇంకా ఆసుపత్రిలోనే. నడుము విరిగిపోతోంది, కళ్ళు మూతలు పడుతున్నాయి. ఆశిష్ కారు దిగి, రోడ్డు పక్కన ఉన్న డబ్బాని లోపలికి లాగబోయాడు. అన్ని రోజులు బయట ఉంచితే కాలనీవాళ్ళు ఊరుకోరు.

"దాన్ని కదపకు బాబూ" అన్నాను.

"ఎందుకు మామయ్యగారూ?"

"మీ నాన్న వచ్చి కళ్ళారా చూసుకోవాలి. నా జన్మకి ఒక్క నిజం చెప్పాను. సాక్ష్యం లేకుండా పోనిస్తానా?"

ఆశిష్ డబ్బా పిడి వదిలేశాడు. తరవాత గాలికి తెరుచుకున్న మూత నెమ్మదిగా వేసి, లోపలికి వచ్చి బూట్లు విప్పుకున్నాడు. గుమ్మం దగ్గర వాళ్ళ నాన్న నల్ల బూట్లు ఉన్నాయి. తనవి వాటికి కాస్త ఎడంగా పెట్టాడు.